సూది పడితే ఒకరు గోల, ఒకరు గప్‌చుప్: పెంపకమా, పుట్టుకతో వచ్చిన స్వభావమా?

విభాగం: పిల్లల ఆరోగ్యం – శ్రీకాకుళం, విజయనగరం సభ్యులు

కోట_జంక్షన్ (విజయనగరం)
ఎవరినైనా అడగాలని వారం నుంచి మనసులో నలుగుతోంది. మా బాబుకి ఏడాది మూడు నెలలు. నాది బ్యాంకు ఉద్యోగం, మా ఆయన చెన్నైలో. బాబు రాజాం దగ్గర మా అమ్మ వాళ్ళ ఊళ్ళో పెరుగుతున్నాడు, వారాంతంలో నేను వెళ్తాను. పోయిన వారం జ్వరం తగ్గకపోతే ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో రక్తం తీయించాం. నా ఒళ్ళోనే కూర్చోబెట్టుకున్నాను. చేతికి రబ్బరు పట్టీ కట్టగానే మొదలుపెట్టాడు. ఆ ఏడుపుకి వరండాలో ఉన్నవాళ్ళంతా లోపలికి తొంగి చూశారు. సూది తీశాక నా మెడ పట్టుకోలేదు. గుమ్మం దగ్గర నిలబడ్డ అమ్మ వైపు రెండు చేతులూ చాచి, నన్ను కాళ్ళతో తన్ని మరీ దూకాడు. అమ్మ భుజం మీద పడ్డాక కాసేపట్లోనే సర్దుకున్నాడు. అక్కడి నర్సు నవ్వుతూనే అంది: "వీడికి మీ మీద అటాచ్‌మెంట్ లేదండీ, అందుకే ఇంత గోల."

మా పెద్దమ్మ కూతురి పాప కూడా ఇంచుమించు ఇదే ఈడు. ఆ పిల్ల సూది పడినా కిక్కురుమనదు. "తల్లి దగ్గర పెరిగిన పిల్ల, చూడు ఎంత బుద్ధిగా ఉందో" అని ఇంట్లో ఒకటే మాట. వచ్చే నెల మావాడికి డీపీటీ (కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా) బూస్టర్ ఉంది. ఇప్పటి నుంచే టెన్షన్. ఏడుపును బట్టి తల్లీబిడ్డల మధ్య అనుబంధం తెలిసిపోతుందా? తెలిసినవాళ్ళు నిజం చెప్పండి, ఓదార్పు మాటలు వద్దు.

ఉద్దానం_కొబ్బరి (పలాస)
ఆ నర్సుకి రెండు నిమిషాల్లో అన్నీ అర్థమైపోయాయా అమ్మా! మా పాప సంగతి దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. తర్వాత రాస్తాను, ఇప్పుడు డ్యూటీలో ఉన్నాను.

బుధవారం_సిస్టర్ (చీపురుపల్లి వైపు)
నేను ఏఎన్‌ఎంని, అంటే ఊళ్ళలో తిరిగే ప్రభుత్వ నర్సుని. బుధవారం సబ్ సెంటర్లో, శనివారం ఊళ్ళలో టీకాలు వేస్తాను. ఏడుపు మోత చూసి తల్లికి మార్కులు వేసేటట్టయితే మా రిజిస్టర్లో సగం మంది ఫెయిలే.

నేను చూసింది చెప్తాను. నెలన్నర పిల్లలు సూది లోపలికి దిగాకే ఏడుస్తారు, ముందు ఏమీ తెలియదు. మూడున్నర నెలలకి మూడు సూదులు ఉంటాయి: కుడి చేతికి పోలియో సూది, ఎడమ తొడకి పెంటా (అయిదు జబ్బులకి కలిపి ఒకటే టీకా), కుడి తొడకి న్యుమోనియా టీకా. ఒక్కో సూదికీ ఏడుపు కొత్తగా అందుకుంటారు. రెండోదానికి మొదటిదాని కోపం కూడా కలుస్తుంది. తొమ్మిదో నెల వచ్చేసరికి కథ మారిపోతుంది. నేను టీకాల ఐస్ బాక్స్ మూత తీసిన చప్పుడుకే కింది పెదవి బయటికి వస్తుంది. ఆ వయసులో కొత్త మొహం అంటేనే భయం, పైగా పాత సంగతులు కొంచెం కొంచెం గుర్తుంటాయి. కాబట్టి తొమ్మిదో నెలలో ఎక్కువ ఏడ్చాడంటే తెలివి పెరిగిందని నేను లెక్క వేసుకుంటాను.

ఒకే ఇంటి కవలల్ని చూశాను. ఒకే తల్లి, ఒకే పాలు, ఒకే రోజు టీకా. ఒకడు ఊరంతా వినపడేలా ఏడిచాడు. రెండోవాడు నుదురు ముడిచి నా వైపు చూసి ఊరుకున్నాడు. దీన్ని ఏ పెంపకం అంటారు?

ఒక విన్నపం కూడా ఉంది. "అన్నం తినకపోతే సిస్టరమ్మ వచ్చి సూది పొడుస్తుంది" అని ఇంట్లో బెదిరించి, బుధవారం నాడు "ఏడవకు, సిస్టరమ్మ మంచిది" అంటే వాడు నమ్ముతాడా? నా పేరు చెప్పి అన్నం తినిపించకండి.

బొబ్బిలి_మాస్టారు (బొబ్బిలి)
రిటైరయిన ఉపాధ్యాయుణ్ణి. మా చిన్నప్పుడు మశూచి టీకాల వాళ్ళు ఊళ్ళోకి వస్తున్నారంటే పిల్లల్ని గాదె వెనకాల దాచేవారు. దొరికినవాడు ఏడ్చేవాడు, పక్కన ఉన్నవాడు నవ్వేవాడు. దీనికి అటాచ్‌మెంటూ, స్వభావమూ అని పేర్లు పెట్టి అమెరికావాళ్ళు పుస్తకాలు రాసుకున్నారు, మనం చదివి బెంగ పెట్టుకుంటున్నాం. మా అమ్మకి మేము చాలామందిమి. ఎవరు ఎవరి ఒళ్ళో ఏడ్చామో ఆవిడకే గుర్తులేదు.

నాగావళి_గట్టు (శ్రీకాకుళం)
మాస్టారూ, నమస్కారం. నేను కాలేజీలో సైకాలజీ చెప్తాను. పేర్లు మాత్రమే వాళ్ళవి, పిల్లలు మనవాళ్ళే. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకోండి.

సూది గుచ్చినప్పుడు పిల్లలో రెండు పనులు జరుగుతాయి. ఒకటి, ఎంత వేగంగా, ఎంత గట్టిగా భగ్గుమంటారు. రెండు, ఆ తర్వాత ఎంతసేపటికి, ఎవరి సాయంతో చల్లబడతారు. మొదటిదాంట్లో పుట్టుకతో వచ్చిన స్వభావం వాటా ఎక్కువ. 1956లో న్యూయార్కులో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే డాక్టర్ దంపతులు పసిపిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించడం మొదలుపెట్టారు. సుమారు 40 శాతం మంది సులువుగా మసలే పిల్లలు, 10 శాతం మంది ప్రతిదానికీ గట్టిగా స్పందించే పిల్లలు, 15 శాతం మంది కొత్తదానికి నెమ్మదిగా అలవాటుపడే పిల్లలు అని తేల్చారు. మిగిలినవాళ్ళు ఏ గంపలోనూ పట్టరు. తర్వాత జెరోమ్ కేగన్ అనే అమెరికా సైకాలజిస్టు నాలుగు నెలల పిల్లలకి రంగు బొమ్మలు ఊపి, కొత్త గొంతులు వినిపించి చూశాడు. దాదాపు అయిదోవంతు మంది కాళ్ళూ చేతులూ ఆడిస్తూ, వెన్ను విరుచుకుని ఏడ్చారు. సూదీ లేదు, నొప్పీ లేదు, బొమ్మ కొత్తది, అంతే.

ఇక అటాచ్‌మెంట్. ఇంగ్లాండులో జాన్ బౌల్బీ అనే మానసిక వైద్యుడు చెప్పింది ఏమిటంటే, భయం వేసినప్పుడు, నొప్పి పుట్టినప్పుడు పిల్ల ఎవరి దగ్గరికి పరిగెడుతుందో ఆ మనిషి ఆ పిల్లకి కోటగోడ. దాన్ని కొలిచే పద్ధతి మేరీ ఐన్స్‌వర్త్ అనే సైకాలజిస్టు తయారుచేసింది. ఏడాది, ఏడాదిన్నర పిల్లలతో గదిలో ఇరవై నిమిషాల పని. తల్లి కాసేపు బయటికి వెళ్తుంది, కొత్త మనిషి వస్తుంది, తల్లి తిరిగి వస్తుంది. అసలు చూసేది తల్లి తిరిగి వచ్చినప్పుడు పిల్ల ఏం చేసింది అనేది. తల్లి దగ్గరికి చేరి సర్దుకుంటే దాన్ని భద్రమైన బంధం అంటారు. బయటికి వెళ్ళినప్పుడు ఎంత ఏడ్చింది అన్నదానికి అంత విలువ లేదు. శిక్షణ పొందినవాళ్ళు వీడియో ముందూ వెనకా తిప్పి చూసి గాని చెప్పరు. కాబట్టి రక్తం తీసే గదిలో నిలబడి ఆ నర్సు ఇచ్చిన తీర్పుకి విలువ లేదు.

కోట_జంక్షన్
గురువుగారూ, అర్థమైంది. కానీ సర్దుకోవడం ఎవరి సాయంతో అన్నదే లెక్క అయితే, మావాడు సర్దుకుంది అమ్మ దగ్గర. నా దగ్గర కాదు. నాకు గుచ్చుకున్నది అదే.

నాగావళి_గట్టు
అవునమ్మా, ఓదార్పు మాటలు వద్దన్నావు కాబట్టి ఉన్నదే చెప్తాను. వారంలో ఎక్కువ రోజులు వాడి ఆకలి, నిద్ర, జ్వరం చూస్తున్నది మీ అమ్మగారు. కష్టం వచ్చినప్పుడు వాడు ముందు ఆవిడ కోసం చూస్తాడు. అది వాడి బుర్ర సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. దానివల్ల నీ చోటు ఖాళీ అయిపోదు. 1964లో గ్లాస్గోలో షాఫర్, ఎమర్సన్ అనే ఇద్దరు 60 మంది పిల్లల్ని ఇళ్ళకి వెళ్ళి గమనించారు. ఏడాదిన్నర వచ్చేసరికి ఎక్కువమంది పిల్లలకి ఒకరికంటే ఎక్కువమందితో ఈ బంధం ఉంది. నాన్న, అమ్మమ్మ, అన్న, పక్కింటావిడ, ఇలా. వాళ్ళలో ఒక వరస ఉంటుంది. బాగా నొప్పి పుట్టినప్పుడు ఆ వరసలో ముందున్నవాళ్ళ దగ్గరికి పోతారు. నువ్వు రెండో చోటులో ఉన్నావు, బయట లేవు.

బొబ్బిలి_మాస్టారు
చూశారా, అదే నేను అనేది. ఒక్క తల్లి, ఒక్క బిడ్డ అనే లెక్క మన ఇళ్ళకి కుదరదు. మన ఇంట్లో నలుగు పెట్టేది ఒకరు, పాలు పట్టేది ఒకరు, చీర ఉయ్యాల ఊపేది ఇంకొకరు. తెల్లవాళ్ళ కొలబద్ద మనకెందుకు?

నాగావళి_గట్టు
మాస్టారూ, ఇక్కడ మీ మాటతో కొంత ఏకీభవిస్తాను. ఇదే ప్రశ్న జర్మనీకి చెందిన హైడీ కెల్లర్ అనే సైకాలజిస్టు వేసింది. ఆఫ్రికాలోని కామెరూన్‌లో న్సో అనే జాతి రైతుల ఇళ్ళలో పిల్లల్ని ఎంతమంది ఎత్తుకుంటారో చూసి, ఒకే కొలత అందరికీ పెట్టకూడదంది. అయితే ఐన్స్‌వర్త్ తన పని మొదలుపెట్టింది అమెరికాలో కాదు. 1954, 55లో ఉగాండాలో, కంపాలా చుట్టుపక్కల పల్లెల్లో తల్లుల పక్కన కూర్చుని చూసింది. అక్కడా పిల్లల్ని నలుగురూ ఎత్తుకుంటారు. కాబట్టి మొత్తం గిరాటు వేయక్కర్లేదు.

రాజాం_రోడ్ (రాజాం)
అయితే ఏడుపు పుట్టుకతో వచ్చిందే అంటారు. మరి మనం చేసేది ఏముంది? పంటి బిగువున ఓర్చుకుని టీకా వేయించుకుని రావడమే కదా?

నాగావళి_గట్టు
అలా వదిలేయడానికి వీల్లేదు. నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉంది. అమెరికాలోని మిన్నెసోటాలో మేగన్ గన్నర్ బృందం పిల్లలకి 2, 4, 6, 15 నెలల టీకాలప్పుడు నోట్లో ఉమ్మి తీసి కార్టిసాల్ చూసింది. ఒళ్ళు టెన్షన్‌లో ఉన్నప్పుడు పెరిగే హార్మోన్ అది. 1996లో అచ్చయింది. 15 నెలలప్పుడు కొత్తదానికి బెదిరే పిల్లలందరిలోనూ అది పెరగలేదు. బెదిరే స్వభావం ఉండి, తల్లితో భద్రమైన బంధం లేనివాళ్ళలోనే పెరిగింది. అదే బెదిరే పిల్ల, బంధం గట్టిగా ఉంటే, పైకి ఏడ్చినా లోపల కార్టిసాల్ ఎగబాకలేదు. స్వభావం బిడ్డ తెచ్చుకున్నది. అది ఒంటి మీద ఎంత భారం వేస్తుందన్నది మాత్రం ఎత్తుకున్న చేతుల మీద కూడా ఆధారపడి ఉంది.

ఇంకోటి. నెదర్లాండ్స్‌లో వాన్ డెన్ బూమ్ అనే ఆవిడ, బాగా చిరాకు పడే పసిపిల్లలున్న 100 పేద కుటుంబాలను తీసుకుంది. సగం మంది ఇళ్ళకి మూడుసార్లు వెళ్ళి, బిడ్డ సైగలు ఎలా చదవాలో, ఏడుపుకి ఎలా స్పందించాలో చూపించింది. ఏడాది వయసులో ఆ సగం మందిలో భద్రమైన బంధం ఉన్న పిల్లలు రెండో సగం కంటే చాలా ఎక్కువ. 1994లో వచ్చింది.

ఇప్పుడు గప్‌చుప్ పిల్లల సంగతి. 1993లో జర్మనీలో స్పాంగ్లర్, గ్రాస్‌మన్ అనేవాళ్ళు, తల్లి గదిలోంచి వెళ్ళినా పట్టించుకోనట్టు బొమ్మలతో ఆడుకునే పిల్లల గుండె వేగమూ కార్టిసాలూ చూశారు. పైకి ఏమీ లేదు, లోపల గుండె దడదడలాడుతోంది. కార్టిసాల్ కూడా భద్రమైన బంధం ఉన్న పిల్లలకంటే ఎక్కువ. దీన్ని చదివి మీ పెద్దమ్మ కూతురి పాప మీద పడకండి. ఆ పాప నిజంగానే శాంతస్వభావురాలు అయి ఉండొచ్చు. ఏడవకపోవడాన్ని మెచ్చుకోవడం ఆపితే చాలు.

ఉద్దానం_కొబ్బరి
ఇప్పుడు రాస్తాను. మా పాప ఎనిమిదో నెలలోనే పుట్టింది. నవజాత శిశువుల వార్డులో చాలా రోజులు ఉంచారు. మడమ నుంచి రక్తం, చేతికి కాన్యులా (మందులు ఎక్కించే సన్నని గొట్టం), అది ఊడితే ఇంకో చేతికి. అద్దంలోంచి చూసేవాణ్ణి. మడమ మీద చుక్కలు చుక్కలుగా మచ్చలు. ఇప్పుడు పది నెలలు నిండాయి. టీకాకి తీసుకెళ్తే ఏడవదు. ఒళ్ళు కర్రలా బిగుసుకుపోతుంది. మొహం గోడ వైపు తిప్పేసి, కాలి వేళ్ళు విచ్చుకుని ఉంటాయి. "ఎంత మంచి పిల్లో" అంటారు అందరూ. నాకు మాత్రం ఆ బిగుసుకోవడం చూస్తే కడుపులో తిప్పుతుంది. ఇది కూడా స్వభావమేనా?

చిన్నపిల్లల_ఓపీ (విజయనగరం)
నేను పిల్లల డాక్టర్ని. పలాస అన్నగారి ప్రశ్నకి ముందు. నెలలు నిండకుండా పుట్టి, వార్డులో సూదులు ఎక్కువ తిన్న పిల్లలు తర్వాత నొప్పికి వేరేగా స్పందిస్తారు. కొందరిలో బయటి గుర్తులు తక్కువ కనిపిస్తాయి. శబ్దం లేనంత మాత్రాన నొప్పి లేదనుకోకూడదు. నొప్పికి ఒంట్లో జాడ మిగులుతుందనడానికి పేరున్న పరిశోధన ఒకటి 1997లో వచ్చింది. కెనడాలో అన్నా టాడియో బృందం చేసింది. పుట్టగానే సున్తీ చేసిన మగపిల్లలు, తర్వాత నాలుగారు నెలల టీకాలప్పుడు, సున్తీ చేయని పిల్లలకంటే ఎక్కువ నొప్పి చూపించారు.

మా వృత్తి సిగ్గుపడాల్సిన చరిత్ర ఒకటి ఉంది. 1980ల నడుమ దాకా పసికందులకి నొప్పి సరిగ్గా తెలియదనే నమ్మకంతో, కదలకుండా మందు ఇచ్చి, మత్తు నామమాత్రంగా ఇచ్చి ఆపరేషన్లు చేసేవారు. ఆ నమ్మకాన్ని కూల్చినవాళ్ళలో ముందు చెప్పుకోవాల్సింది మన దేశంలో చదువుకుని వెళ్ళిన డాక్టర్ కన్వల్‌జీత్ ఆనంద్‌ని. 1987లో, నెలలు నిండని పిల్లల గుండె దగ్గరి ఆపరేషన్లో నొప్పి తగ్గించే మందు సరిగ్గా ఇస్తే ఒంటి మీద ఒత్తిడి తగ్గి, తర్వాత చిక్కులు కూడా తగ్గాయని చూపించారు.

అన్నగారూ, పాపకి ఇప్పుడు చేయగలిగింది: టీకాకి ముందు నుంచే మీ ఛాతీకి ఆనించి ఎత్తుకోండి, పాలు తాగుతుంటే తల్లి పాలిస్తూ ఉండగా వేయించండి. అయ్యాక "ఏడవలేదు కదా" అని వెంటనే కింద దించకండి. ఏడ్చిన పిల్లని ఎంతసేపు ఎత్తుకుంటారో అంతసేపూ ఎత్తుకోండి. బిగుసుకోవడం టీకాలప్పుడే కాక మామూలుగా కూడా ఉంటే నెలలు నిండని పిల్లల ఫాలో అప్ ఓపీలో ఒకసారి చూపించండి, కండరాల బిగువు పరీక్షిస్తారు.

ఉద్దానం_కొబ్బరి
నీళ్ళు పోసేటప్పుడు కూడా ఒక్కోసారి ఉంటుంది డాక్టరు గారూ. తీసుకెళ్తాను.

స్పీడ్_పోస్ట్ (టెక్కలి)
ఇంత చర్చ ఎందుకు? సూది వేసేటప్పుడు ఫోన్లో యూట్యూబ్ పెట్టి మొహం ముందు పట్టండి. పనైపోతుంది.

చిన్నపిల్లల_ఓపీ
పూర్తిగా తప్పని అనను. దృష్టి మళ్ళిస్తే కొంచెం పెద్ద పిల్లల్లో బాధ తగ్గుతుంది. కానీ సూది దిగి ఏడుస్తున్నవాడికి ఫోన్ చూపిస్తే లాభం లేదు, ముందు నుంచే మొదలుపెట్టాలి. గిలక్కాయైనా చాలు, మీ మొహమైనా చాలు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో టీకా నొప్పి మీద సూచనలు ఇచ్చింది. చాలా తేలికైనవి. తల్లో తండ్రో ఎవరో ఒకరు పక్కన ఉండాలి. మూడేళ్ళ లోపు పిల్లల్ని ఒళ్ళో పట్టుకోవాలి, మంచం మీద పడుకోబెట్టి నలుగురు నొక్కిపెట్టకూడదు. తల్లిపాలు సూదికి ముందో, సూది వేస్తుండగానో ఇవ్వాలి. ఎక్కువ మండే టీకా చివర వేయాలి. సూది గుచ్చాక వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూడక్కర్లేదు. వద్దన్నవి కూడా ఉన్నాయి: టీకా వేసే చోట ముందు రుద్దడం, టీకా సీసా వేడి చేయడం, ముందుగానే పారాసిటమాల్ పట్టడం.

పాలు ఇవ్వడం గురించి మళ్ళీ చెప్తాను, మన దగ్గర తల్లులు మొహమాటపడతారు. నెల దాటిన పిల్లల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన 2016 సమీక్షలో, పాలు తాగుతూ సూది వేయించుకున్న పిల్లలు సగటున 38 సెకన్లు తక్కువ ఏడ్చారు. 38 సెకన్లేనా అనకండి. సూది గదిలో నిలబడి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది.

తేనె నాకించే అలవాటు ఉంది. ఏడాది లోపు పిల్లలకి తేనె వద్దే వద్దు.

కోట_జంక్షన్
డాక్టరు గారూ, నేను "ఏం కాదు నాన్నా, ఏం కాదు, అయిపోయింది" అంటూనే ఉంటాను. అది మంచిదేనా?

చిన్నపిల్లల_ఓపీ
కొంచెం పెద్ద పిల్లల్లో చూస్తే, అదే పనిగా "ఏం కాదు, ఏం కాదు" అంటుంటే ఏడుపు పెరగడమే కనిపించింది. అమ్మ గొంతులో కంగారు వినిపిస్తే ఏదో అవుతోందని పిల్లకి సంకేతం. మీ వాడి వయసుకి మాటల అర్థం కంటే గొంతు స్థాయి, చేతి బిగువు లెక్క. రోజూ పాడే పాట పాడండి. గొంతు వణికితే ఊరుకుని వీపు నిమరండి.

టొరంటోలో రెబెక్కా పిళ్ళై రిడెల్ బృందం 700కు పైగా పిల్లల్ని తొలి ఏడాది టీకాలన్నింటికీ వీడియో తీసి చూసింది. మొదటి నెలల్లో తల్లి ఓదార్చే తీరుకీ ఏడుపు మోతకీ ఉన్న సంబంధం చిన్నదే. ఆ బిడ్డ అంతకుముందు ఎంత ఏడ్చిందన్నదే తర్వాతి ఏడుపుకి మంచి సూచన. ఏడాది దగ్గరపడేకొద్దీ మాత్రం, ఆ ఏడాది పొడుగునా తల్లీతండ్రీ ఎలా మసలారో దాని జాడ కనిపించడం మొదలైంది. అంటే ఒక్క బుధవారం ఏమీ తేల్చదు.

సంతకవిటి_కుర్రోడు
మా మామ్మకి ఈ చర్చ చదివి వినిపించాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, తిట్టకండి.

"ఓలమ్మా, గుంటడు నీ అమ్మ దగ్గరకి దూకితే నీకు ఏటి బెంగ? పరాయిదాని దగ్గరకి దూకలేదు కదా. మా పెద్దోడూ కోడలూ సెన్నపట్నం పనికి ఎల్లిపోనారు, గుంటడ్ని నా దగ్గర వొగ్గీసి. సంకురాత్రికి వొచ్చినప్పుడు తల్లిని చూసి నా కోక ఎనకాల దాక్కున్నాడు. అది బోరుమని ఏడిసింది. రెండోనాడు దాని బేగులో సెయ్యెట్టి బిస్కట్లు తీసినాడు. నాలుగోనాటికి దాని పక్కలోనే తొంగున్నాడు, నన్ను సూస్తే సూడనట్టే ఎల్లిపోయీవోడు. మరి నేను ఏడవాలా? దిష్టి తీసీసి ఊరుకో."

అన్నట్టు ఆ గుంటడు నేనే. నాకేమీ గుర్తులేదు.

బొబ్బిలి_మాస్టారు
ఆవిడ చెప్పింది మీ కెల్లరమ్మ చెప్పినదానికంటే సూటిగా ఉంది.

నాగావళి_గట్టు
ఒప్పుకుంటాను మాస్టారూ. కాకపోతే మొదటి రోజు కోక వెనకాల దాక్కున్న పిల్లాణ్ణి బలవంతంగా లాగి తల్లి ఒళ్ళో పడేసి ఉంటే నాలుగో రోజు అలా వచ్చేది కాదు. మామ్మ లాగలేదు, తల్లి సంచి దగ్గర పెట్టుకుని కూర్చుంది. ఆ ఇద్దరూ చేసింది సామాన్యమైన పని కాదు.

కోట_జంక్షన్
నిన్న బూస్టర్ అయింది, వచ్చి రాస్తున్నాను. సెలవు పెట్టి ముందు రోజే ఊరికి వెళ్ళిపోయాను. ఎవరి ఒళ్ళో కూర్చోబెట్టుకోవాలని అమ్మా నేనూ దారిలోనే అనుకున్నాం. వాడికి హాయిగా ఉండేది అమ్మ ఒడి కాబట్టి అమ్మే కూర్చుంది, నేను ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాను. సిస్టర్ గారు ఐస్ బాక్స్ తీశారో లేదో పెదవి బయటికి వచ్చింది, మీరు చెప్పినట్టే. నేను "ఏం కాదు" అనలేదు. నా చేతి గడియారం తీసి వాడి చేతిలో పెట్టాను. కుడి చేతికి తట్టు టీకా వేసేటప్పుడు గడియారాన్ని నోట్లో పెట్టుకునే ఉన్నాడు, "ఊఁ" అన్నాడంతే. ఎడమ తొడకి డీపీటీ పడింది, ఇక చూడండి. గడియారం విసిరేశాడు, అది వెళ్ళి ఆశా కార్యకర్త కాళ్ళ దగ్గర పడింది. గోల ఏమాత్రం తగ్గలేదు. అమ్మ భుజం మీద మొహం దాచుకుని వెక్కుతూనే, ఒక చెయ్యి వెనక్కి చాచి నా వేలు పట్టుకున్నాడు. అమ్మ భుజమూ వదల్లేదు, నా వేలూ వదల్లేదు.

మళ్ళీ చెప్తున్నాను, గోల మాత్రం నర్సింగ్ హోంలో కంటే ఎక్కువే. మా పెద్దమ్మ కూతురికి ఫోన్ చేసి మాట్లాడాను. తన పాపకీ బూస్టర్ అయింది, ఈసారీ ఏడవలేదట. "ఇంటికొచ్చాక చాలాసేపు దింపనివ్వలేదే, చంకనే ఉంది" అంది. నేనేమీ అనలేదు, ఎత్తుకోవే అన్నాను.

ప్రశ్న: రాత్రి నుంచి జ్వరం, తొడ మీద గట్టిగా తగులుతోంది. భయపడాలా?

బుధవారం_సిస్టర్
డీపీటీకి జ్వరం, గడ్డ మామూలే అమ్మా. మీ సిస్టర్ ఇచ్చిన పారాసిటమాల్ వాడి బరువుకి చెప్పిన మోతాదులో పట్టండి. తొడ మీద చల్లటి తడిగుడ్డ వేయండి, కాపడం వద్దు, పసుపూ సున్నమూ అసలే వద్దు. గడ్డ కొన్నాళ్ళు ఉండి పోతుంది.

చిన్నపిల్లల_ఓపీ
ఎత్తుకున్నా, పాలు పట్టినా ఆగకుండా మూడు గంటలు దాటి ఏడుస్తూ ఉంటే, ఫిట్స్ వస్తే, ఒళ్ళు తేలిపోయి పలకకపోతే ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అది స్వభావమా అని ఆలోచిస్తూ కూర్చోవద్దు.

కోట_జంక్షన్
అవేమీ లేవు, పడుకున్నాడు. వచ్చే ఏడాది బాబుని తీసుకుని చెన్నై వెళ్ళే ఆలోచన ఉంది. అమ్మని కూడా కొన్నాళ్ళు వచ్చి ఉండమంటున్నాం. తర్వాతి టీకా అక్కడ వేయించొచ్చా?

బుధవారం_సిస్టర్
ఇక డీపీటీ అయిదేళ్ళకే. ఈలోగా ఆరు నెలలకోసారి విటమిన్ ఏ ఉంటుంది, అది చుక్కలే, సూది కాదు. దేశంలో ఎక్కడైనా వేస్తారు. టీకా కార్డు మాత్రం మీ దగ్గర పెట్టుకోండి, అమ్మగారింట్లో బీరువాలో వదిలేసి వెళ్ళకండి. ఫోటో కూడా తీసి ఉంచుకోండి.